మోనా కాదు... మొఅన!

కొందరు 'మోనా' అంటారు, ఇంకొందరు 'మోవానా' అంటారు. 2016లో డిస్నీ యానిమేషన్ సినిమా వచ్చిందగ్గర్నుంచీ పిల్లలున్న ఇళ్లల్లో ఈ పేరు తెలియనివాళ్లు తక్కువే. అసలు పలకాల్సిన తీరు మాత్రం 'మొఅన'. మూడు అచ్చులూ దేనికది విడివిడిగా, అన్నీ హ్రస్వాలే. పసిఫిక్ దీవుల్లోని పాలినేషియా భాషలు చాలావాటిలో ఆ మాటకు సముద్రమని అర్థం.

ఆ సినిమాలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. వెర్రిమొహం వేసుకుని తిరిగే కోడిపుంజు పేరు 'హెయ్‌హెయ్'. న్యూజిలాండ్ మావోరీ భాషలో కోడిని అలాగే అంటారు. పంది పిల్ల 'పుఅ' పేరుకు హవాయి భాషలో పువ్వు అని అర్థం. నిప్పులు కక్కే 'తె కా'లో 'కా' అంటే మండటం. 2002లో వచ్చిన 'లిలో అండ్ స్టిచ్'లో పాప పేరు 'లిలొ'... అంటే తప్పిపోయిన అని. వాళ్లక్క 'నని'. అందమన్నమాట. దీర్ఘం తీసి 'నానీ' అన్నామా, పక్కింటి కుర్రాడు పలుకుతాడు!

నిజానికి ఈ పేర్లు పలకడం ఇంగ్లిషువాళ్లకన్నా మనకే తేలిక. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకు ఓనమాలతోనే వస్తుంది. మావోరీలోనూ అచ్చులు ఐదు పొట్టివి, ఐదు పొడుగువి. మనకు 'పడు', 'పాడు' వేరైనట్టే వాళ్లకూ దీర్ఘం మారితే అర్థం మారిపోతుంది. 'కెకె' అంటే కేకు, 'కేకే' అంటే చంక! ఇక పలకమీద దిద్దాక మళ్లీ ఎవరూ పట్టించుకోని మన 'ఙ' అక్కడ రోజూ వాడే అక్షరం. ఇంగ్లిషు లిపిలో రెండక్షరాలుగా కనిపించినా పలికేది ఒకే ముక్కు శబ్దం.

పేర్ల దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటారా? బళ్లో మావోరీ మాట్లాడారని పిల్లల్ని కొట్టిన రోజులున్నాయి. 1987లోగానీ అది న్యూజిలాండ్‌లో అధికార భాష కాలేదు. అందుకే 2001లో లెగో కంపెనీ 'బయానికల్' బొమ్మలకు మావోరీ మాటలు పేర్లుగా పెట్టినప్పుడు గొడవైంది. పూజాదికాలు, విద్యలు తెలిసిన పెద్దలకు వాడే 'తొహుఙ' అన్న మాటను బొమ్మల ఊరి జనానికి తగిలించారు మరి. మావోరీల తరఫున లాయరు మావుయి సాలమన్ కంపెనీకి ఉత్తరం రాశారు. ఆ మాట తీసేసి 'మటోరన్' అని పెట్టారు. మరికొన్ని పేర్లకు స్పెల్లింగులు మార్చారు. కథలోనేమో అది 'నామకరణ దినం' అని సర్దిచెప్పారు. పలకడం మాత్రం దాదాపు పాతలాగే! చెవికి తేడా తెలియని మార్పు మార్పెలా అవుతుందో! పైగా 2004లో మరో బొమ్మకు 'ఫెనుఅ' అనే పేరొచ్చింది. మావోరీలో అది నేల. తల్లి కడుపులోని మాయనూ అదే మాటతో పిలుస్తారు. ఇంగ్లిషు స్పెల్లింగు చూసి 'వెనువా' అని చదివితే ఆ మాట జాడే తెలియదు.

డిస్నీ సినిమా 2017లో మావోరీలోకి, 2018లో హవాయి భాషలోకి వెళ్లింది. ఇంగ్లిషులో మొఅనకు గొంతిచ్చిన హవాయి అమ్మాయి అఉలిఇ క్రవాల్యోనే తమ భాషలోనూ చెప్పింది. మావోరీ పిల్లలకేమో తెరమీద కోడి పేరు... కోడే!