చలికాలంలో ఇంటిలోనికి వచ్చే మొక్కలు

కార్తీక మాసము గడచి మార్గశిరము ప్రవేశించునప్పటికి హైదరాబాదులో తెల్లవారుజామున చలి బాగుగా తెలియును. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలలో మొక్కలపై మక్కువ గల గృహస్థులు కొందరు ఆ రోజులలో మేడమీది కుండీలను, వసారాలోని కుండీలను ఒక్కొక్కటిగా ఇంటిలోనికి చేర్చుదురు. ఇంటిలో అంతకుముందే చోటు కరవు. బీరువాలు, మంచాలు, పాత పత్రికల కట్టలు, ఎప్పుడో పనికి వచ్చునని దాచిన ఖాళీ డబ్బాలు ఉండనే ఉండును. వీటి సందులలో కుండీలు సర్దుకొనును. సంక్రాంతి నాటికి వాటిలో కొన్ని ఆకులు రాల్చును, కొన్ని మొదలు కుళ్ళి ఒరగిపోవును. ఇంటివారు దానిని చలిదెబ్బ అని అనుకొందురు.

ఇది నిజముగా చలిదెబ్బయేనా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో మొక్కలు బ్రతుకును, ఇంటిలో మనుష్యులు తిరుగుటకు చోటు కూడ మిగులును.

ఈ అలవాటు ఎక్కడ పుట్టినది?

శీతల దేశాలలో చలికాలమున ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు దిగువకు పోవును. అప్పుడు మొక్క కణముల నడుమ నున్న నీరు గడ్డకట్టి, కణములలోని నీటిని కూడ వెలుపలికి లాగివేయును. కణములు ఎండి, వాటి పొరలు చిరిగి, మొక్క నల్లబడి చచ్చును. ఉష్ణదేశముల అడవుల నుండి కొనిపోయిన మొక్కలను ఐరోపాలో బ్రతికించుటకు అద్దపు ఇండ్లు కట్టవలసి వచ్చినది. 1829లో లండను వైద్యుడు నెథానియల్ వార్డు, మూసిన సీసాలో ఒక చిన్న మొక్క దానంతట అది పెరుగుట చూచి, మొక్కలను ఓడలలో పంపుటకు అద్దపు పెట్టెలు చేయించెను. చలి రాకముందే కుండీలను లోనికి తేవలెనను నియమము అక్కడిది. అక్కడ అది ప్రాణావసరము.

మన ఇండ్లలో కనిపించు మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రములోని మూరియా దీవికి చెందినది. క్రోటను ఆగ్నేయ ఆసియా దీవులది. ఇవి ఉష్ణమండలపు మొక్కలు. వీటికి చలి సరిపడదనుట నిజమే. అయితే హైదరాబాదు చలి ఎంత?

చలి లెక్క

హైదరాబాదులో జనవరి నెల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపున ఉండును. బేగంపేటలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరిలో వచ్చిన 6.1 డిగ్రీలు. అనగా నగరములో నీరు గడ్డకట్టు చలి ఆ నాడు కూడ రాలేదు.

ఉష్ణమండలపు మొక్కలలో చాలవాటికి 10 నుండి 12 డిగ్రీల దిగువన బాధ మొదలగును. కణముల పొరలలోని కొవ్వు పదార్థము చలికి పేరిన నెయ్యివలె బిగిసి, పొర తన పని సరిగా చేయజాలదు. వేళ్ళు నీటిని పీల్చుట మందగించును. ఆకుపై మచ్చలు పడును. కాని ఇట్టి రాత్రులు హైదరాబాదు నడిబొడ్డున ఏటా కొద్దిగానే వచ్చును. పైగా ఈ పేటలలో ఇండ్లు ఒత్తుగా ఉన్నవి. గోడలు, రోడ్లు పగలు ఎండను పీల్చుకొని రాత్రి మెల్లమెల్లగా వేడిని విడుచును. అందుచేత ఊరి వెలుపలి పొలములకంటె నగర మధ్యమున రాత్రి వెచ్చన. గోడను ఆనుకొని, పైన కప్పు ఉన్న వసారాలో ఆ వెచ్చదనము ఇంకను నిలుచును. అట్టిచోట పెట్టిన మొక్కకు చలిగాలి తగులకున్న చాలును.

వెలుతురు కరవు

మరి లోనికి తెచ్చిన మొక్క ఏల క్షీణించును? మొదటి కారణము వెలుతురు. మొక్కకు వెలుతురే ఆహారమునకు మూలము. పత్రహరితము వెలుతురు సాయముతో బొగ్గుపులుసు వాయువును, నీటిని కలిపి చక్కెర తయారు చేయును. అదే సమయమున మొక్క శ్వాసకై కొంత చక్కెరను ఖర్చు చేయుచుండును. వెలుతురు బాగా తగ్గినప్పుడు రాబడికంటె ఖర్చు మించును. మొక్క తన నిలువను తిని, పిమ్మట పోషింపలేని ఆకులను రాల్చును.

గదిలో వెలుతురు చాలినంత ఉన్నట్లు మనకు తోచుట కంటి మహిమ. కంటిపాప చీకటికి తగినట్లు విప్పారును. మొక్కకు అట్టి ఉపాయము లేదు. వెలుతురును లక్సులలో కొలిచినచో, ఆరుబయట ఎండలో అది లక్ష లక్సుల దరికి చేరగలదు. ఆరుబయట నీడలో సుమారు 10,000 ఉండును. కిటికీ పక్కన వెయ్యి, రెండు వేలు ఉండవచ్చును. గది లోపలి మూలలో, బీరువా చాటున, నూరు లక్సులు కూడ కష్టము. మేడమీద ఎండకు అలవడిన క్రోటనును ఒక్కనాడు ఆ మూలకు మార్చుట కడుపునిండ తినువానిని పస్తు పెట్టుట వంటిది.

ఈ పేటల సందులలో ఈ కరవు మరింత హెచ్చు. పూర్వము పెరడు, బావి గల ఇండ్లు చాల ఉండిన చోట నేడు అంతస్తుల భవనములు నిలిచినవి. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. డిసెంబరు 22న మధ్యాహ్నము సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 49 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. ఆ వేళ 30 అడుగుల భవనము ఉత్తరముగా 26 అడుగుల నీడ వేయును. వీధి వెడల్పు 15 అడుగులే అయినచో ఆ నీడ ఎదుటి ఇంటి గోడపై సుమారు 13 అడుగుల వరకు ప్రాకును. అనగా నేల అంతస్తు కిటికీకి నడిమధ్యాహ్నము కూడ ఎండ తగులదు. జూన్ నెలలో అదే సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉండుటచే ఆ వీధి ఎండతో నిండును. వేసవిలో చూచిన వెలుతురును నమ్మి చలికాలమున కుండీని అక్కడ ఉంచుట పొరపాటగును.

అడ్డు లేని దక్షిణపు కిటికీ అయినచో కథ వేరు. నేల నుండి 7 అడుగుల ఎత్తున కిటికీ పైఅంచు ఉన్నచో డిసెంబరు ఎండ గది లోనికి 6 అడుగుల దూరము వచ్చును. ఇంటి మొత్తములో మొక్కలకు తగిన స్థలము ఆ ఆరడుగులే. దానిని మంచమో, పత్రికల కట్టలో ఆక్రమించినచో మొక్కలు చీకటికి పోవలసినదే.

నీటి ఎక్కువ

రెండవ కారణము నీరు. చలిలోను, మసక వెలుతురులోను ఆకుల నుండి నీరు ఆవిరియగుట తగ్గును. అలవాటుగా దినమునకు ఒక చెంబు పోయువారు అదే కొలత సాగింతురు. మట్టిలోని గాలి సందులన్నియు నీటితో నిండును. వేళ్ళకు ప్రాణవాయువు అందక కుళ్ళును. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు గనుక ఆకు వాడిపోవును. అది చూచి ఇంటివారు ఇంకొక చెంబు పోయుదురు! మట్టిలోనికి వ్రేలు రెండంగుళములు దించి, పొడిగా ఉన్ననే నీరు పోయవలెను.

తడి కుండీల చెంత పాత పత్రికలు, గుడ్డల మూటలు ఉన్నచో బూజు పట్టును, చెదలు చేరును. కుండీ క్రింది పళ్ళెములో నిలిచిన నీరు అంతకంటె ప్రమాదము. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ ఇట్టి కొద్దిపాటి నిలువ నీటినే ఎన్నుకొని, పాత్ర గోడలపై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు తడి ఆరినను నెలల తరబడి చావవు. మరల నీరు తగిలినచో పిల్లలగును. వెచ్చని చోట వారము పది దినములలో దోమ ఎగిరిపోవును. సీసా నీటిలో పెట్టిన మనీప్లాంటు కూడ ఇట్టి నెలవే. దోమకును మలేరియాకును గల సంబంధమును రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది ఈ నగరములోనే. ఆయన చూచినది వేరు జాతి దోమ అయినను పాఠము ఒక్కటే: నిలువ నీటిని ఉండనీయరాదు. వారమునకు ఒకసారి పళ్ళెములను, సీసాలను ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది కడుగవలెను.

రెండు అపోహలు

రాత్రివేళ మొక్కలు బొగ్గుపులుసు వాయువును విడుచును గనుక పడకగదిలో ఉండరాదని కొందరు భయపడుదురు. లెక్క చూతము. నిద్రించు మనుష్యుడు గంటకు సుమారు 12 లీటర్ల బొగ్గుపులుసు వాయువు విడుచును. మొత్తము ఒక చదరపు మీటరు ఆకులు గల పెద్ద మొక్కయైనను గంటకు విడుచునది లీటరులో పదవ వంతు దరిదాపున మాత్రమే. కలబంద వంటివి రాత్రివేళ ఆ వాయువును పీల్చుకొనును కూడ. కావున భయము అనవసరము.

మొక్కలు గది గాలిని శుభ్రపరచునని మరికొందరు వాటిని గదినిండ నింపుదురు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన వోల్వర్టన్ ప్రభృతులు మూసిన చిన్న పెట్టెలలో మొక్కలు కొన్ని హానికర వాయువులను తగ్గించుట చూపిరి. అయితే గది మూసిన పెట్టె కాదు. ఇట్టి ప్రయోగములను 2019లో కమ్మింగ్స్, వేరింగ్ అను పరిశోధకులు మరల లెక్కించి, సహజముగా వచ్చిపోవు గాలి చేయు పనికి సాటి రావలెనన్న చదరపు మీటరు నేలకు 10 నుండి 1,000 మొక్కలు కావలెనని తేల్చిరి. ఒక కిటికీని తెరచుట సులభము. ఆ కిటికీకి అడ్డముగా కుండీలు పేర్చినచో ఉన్న మేలు కూడ పోవును.

ఏవి లోపల, ఏవి బయట?

గులాబి, బంతి, మందారము, కరివేపాకు హైదరాబాదు చలికి బయటనే ఉండవచ్చును. గులాబికి ఇది మంచి కాలము. చేమంతిని లోనికి తెచ్చుట ప్రత్యేకముగా హాని. రాత్రులు దీర్ఘమైనప్పుడే అది మొగ్గ తొడుగును. ఇట్టి ధర్మమును 1920లో గార్నర్, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు ఇతర మొక్కలలో వెల్లడించిరి. రాత్రి పది గంటల వరకు దీపము వెలుగు గదిలో మొగ్గ తొడుగని చేమంతి ఉన్నచో దానికి రాత్రి కురచయై పూత వెనుకపడును.

తులసి చలికి ఆకు రాల్చును. గింజ పట్టిన వెన్నులను త్రుంచి, ఎండ వచ్చు గోడ ప్రక్కన ఉంచినచో చాలును. క్రోటనులను వసారాలో గోడవారగా జరిపి, మిక్కిలి చలిగా నున్న రాత్రులలో మాత్రము పలుచని గుడ్డ కప్పి ఉదయము తీయవలెను. లోనికి తేదగినవి తక్కువ వెలుతురుకు ఓర్చు మనీప్లాంటు, సాన్సివేరియా వంటి కొన్ని మాత్రమే. వాటి సంఖ్యను కిటికీ చెంత గల చోటు నిర్ణయింపవలెను. మెట్లపైన, నడవలో కుండీలు పెట్టరాదు. రాత్రి లేచు వృద్ధులకు అవి అడ్డు తగులును. అగ్నిప్రమాదము జరిగినచో అందరికిని దారి మూసివేయును.

సామానుకు కూడ ఇదే సూత్రము వర్తించును. మొదట కిటికీ నుండి ఆరడుగుల లోపల ఉన్న డబ్బాలను, పత్రికల కట్టలను తీసివేయవలెను. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువు విద్యార్థుల ఇరుకు గదులలో సైతము ఇది సాధ్యమే. అక్కడ ఒక్క మొక్క చాలును. చదువువానికి కావలసిన వెలుతురే దానికిని కావలెను.

తరగతిలో చేయదగిన పరీక్ష

డిసెంబరు మూడవ వారమున మధ్యాహ్నము 12 గంటల 15 నిమిషముల ప్రాంతమున పాఠశాల ఆవరణలో ఒక మీటరు కర్రను నిలువుగా నాటి నీడను కొలువవలెను. అది సుమారు 86 సెంటిమీటర్లు ఉండును. దీనిని బట్టి విద్యార్థులు తమ ఎదుటి ఇంటి నీడను గుణించి, తమ కిటికీకి ఎండ వచ్చునో రాదో ముందుగా చెప్పి, ఇంటికి పోయి సరిచూచుకొనవచ్చును. ఒక ఉష్ణమాపకమును వసారాలో, మరొకదానిని మేడమీద ఉంచి వారము దినములు తెల్లవారుజామున చూచి వ్రాసినచో, కుండీలను లోనికి తేవలెనా, వసారాలోనికి జరిపిన చాలునా అను ప్రశ్నకు ఆ ఇంటి అంకెలే జవాబు చెప్పును.