పెరటి పాదులకు వేపగింజల కషాయము

గోదావరిఖని గనికార్మికుల ఇండ్ల వెనుక కొద్దిపాటి జాగా దొరికినను అందులో రెండు వంగమొక్కలు, నాలుగు బెండమొక్కలు, ఒక బీరపాదు వెలయుట మీరెరుగనిది కాదు. అయితే ఈ పట్టున ఆకులపై బొగ్గుధూళి పడుచుండును. ధూళి పేరిన ఆకు నల్లికి మిక్కిలి అనుకూలము. నల్లిని తిని బ్రతుకు మేలుపురుగులు అచ్చట సుఖముగా తిరుగజాలవు. కావున ఏ మందునైనను తలపెట్టుటకు ముందు, ఉదయమున ఆకుల అడుగుభాగము తడియునట్లు నీరు చల్లి కడుగుడు. పేనుబంకలో కొంత ఈ నీటితోడనే రాలిపోవును.

అంతతో లొంగని పురుగులకు వేపగింజ యున్నది. వేపపప్పు రసము చల్లిన పైరును మిడుతలు ముట్టవని 1962లో ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్ ప్రభృతులు వెల్లడించిరి. అందలి ముఖ్యసారమగు అజాడిరక్టిన్‌ను 1968లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. ఇది పురుగును తత్క్షణమే చంపునది కాదు. దానికి తిండి రుచింపనీయదు. పిల్లపురుగు కుబుసము విడిచి పెరుగుటను చెరచును. రాత్రి గడచినంతనే పురుగు ఇంకను కదలుచున్నదని విసిగి, అంగడికేగి ఘాటైన మందు తెచ్చువారు పెక్కురు. మూడు నాలుగు దినములు ఓపిక పట్టవలెను.

జూన్, జూలై మాసములలో రాలిన వేపపండ్ల గుజ్జును కడిగి, గింజలను నీడన ఆరబెట్టి, గాలి సోకు గోనెసంచిలో నిలువ చేయుడు. బూజు పట్టినవి, ఏడాది దాటినవి వలదు. పొట్టు తీసిన పప్పు 50 గ్రాములు బరకగా దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి, ఒక లీటరు నీటిలో ఉదయమున నానవేయుడు. సాయంకాలమున పాలవంటి రసము వచ్చునంతవరకు పిండి, వడగట్టి, రసము ఆకుకు అంటుటకై చిటికెడు సబ్బు తురుము కలుపుడు. ఎండ ఈ సారమును హరించును గనుక ప్రొద్దు వాలిన పిదపనే చల్లవలెను; మరునాటికి దాచరాదు. మొదట ఒక మొక్కపై పరీక్షించుట మేలు.

ఇది పెరటికే పరిమితమైన ముచ్చట కాదు. సింగరేణి కేంద్రమగు కొత్తగూడెమునకు చేరువలో, పాల్వంచ ప్రాంతమున పునుకుల యను గ్రామమున్నది. అచ్చటి ప్రత్తిరైతులు వేపగింజలు, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయములు నమ్ముకొని, 2004 నాటికి రసాయనపు పురుగుమందులను గ్రామమంతయు విడిచిరి. వేపగింజలు సేకరించి పొడి చేయుటలో మహిళా సంఘములు పాలుపంచుకొనినవి.

వంకాయలోనికి దూరిన పురుగును మాత్రము ఏ కషాయమును అందుకొనజాలదు. వాలిన మొవ్వులను, పుచ్చుకాయలను కోసి నాశనము చేయుటయే మార్గము.

ఇంట దొరకినదెల్ల నిరపాయమని తలంపరాదు. పేనుబంకపై కట్టెబూడిద చల్లుట పెద్దల వాడుక, తప్పులేదు. బొగ్గుబూడిద అట్టిది కాదు. బొగ్గులో అత్యల్పముగా నుండు ఆర్సెనిక్, సీసము వంటివి అది కాలిన పిదప బూడిదయందు చిక్కబడును. పిల్లలు తిను గోంగూరపై, పాలకూరపై దానిని చల్లకుడు. పొగాకు కషాయమును కూడ నేను మెచ్చను. నికోటిన్ చర్మము గుండ సైతము లోనికి పోవు విషము. పైగా పొగాకు మొక్కకు సోకు మొజాయిక్ తెగులు ఆ ఆకు మూలముగా టమాట, మిరపలకు అంటవచ్చును.

ఆకులపై ఎర్రని వీపున నల్లని చుక్కలు గల అక్షింతల పురుగులు కనబడినచో కొన్ని దినములు ఏమియు చల్లక వేచియుండుడు. పేనుబంక వాటికి ఆహారము.