నీలిరంగు... గుట్టు విప్పింది!

రెండు గెలాక్సీలు ఢీకొంటే అంతా బూడిదే అనుకుంటాం. నిజానికి అక్కడ మొదలయ్యేది పుట్టుకల పండగ! ఆ సంగతిని శాస్త్రవేత్తలకు చెప్పింది... రంగులే.

కొలిమిలో పెట్టిన ఇనుము మొదట ఎర్రబడుతుంది. ఇంకా కాలిస్తే పసుపు, ఆపైన తెలుపు. నక్షత్రాలూ అంతే. వేడి తక్కువైతే ఎరుపు, బాగా ఎక్కువైతే నీలం. నీలి నక్షత్రాలు భారీకాయులు. ఉన్న ఇంధనాన్ని దుబారాగా మండించేసి కొద్ది కోట్ల ఏళ్లలోనే పేలిపోతాయి. సూర్యుడిలాంటి పొదుపరి ఆయుష్షేమో దాదాపు వెయ్యి కోట్ల ఏళ్లు! అందుకే ఓ గెలాక్సీ నీలంగా ఉందంటే అక్కడ ఈమధ్యే నక్షత్రాలు పుట్టాయన్నమాట.

ఆ రంగుని కంటితో చూసి తేల్చరు. టెలిస్కోపుకి రకరకాల ఫిల్టర్లు బిగించి అతినీలలోహిత, నీలం, పసుపుపచ్చ వెలుగుల్ని విడివిడిగా కొలుస్తారు. వాటి మధ్య తేడాని అంకెల్లో చెబితే అదే గెలాక్సీ రంగు.

వింతల చిట్టా

1966లో అమెరికా శాస్త్రవేత్త హాల్టన్‌ ఆర్ప్‌ 338 వింత గెలాక్సీల ఫొటోలతో ఓ అట్లాస్‌ తెచ్చారు. తోకలున్నవీ, మెలితిరిగినవీ, రెంటి మధ్య వంతెన ఉన్నవీ... ఎన్నో. ఆ తోకలూ వంతెనలూ గురుత్వాకర్షణ లాగుడువల్లేనని 1972లో అలార్‌ టూమ్రే, యూరి టూమ్రే అన్నదమ్ములు కంప్యూటర్‌ లెక్కలతో చూపించారు.

మరి లోపలేం జరుగుతోంది? 1978లో బియాట్రిస్‌ టిన్‌స్లీ, రిచర్డ్‌ లార్సన్‌ ఆ గెలాక్సీల రంగుల్ని మామూలు వాటితో పోల్చారు. మామూలువి ఓ సన్నటి గీత వెంబడి బుద్ధిగా వరస కట్టాయి. ఆర్ప్‌ చిట్టాలోవి చెల్లాచెదురయ్యాయి. అలా చెదిరిన వాటిలో దాదాపు అన్నీ పక్క గెలాక్సీతో తలపడిన గుర్తులున్నవే! తాకిడికి వాయుమేఘాలు కుదించుకుపోయి ఒక్కుమ్మడిగా నక్షత్రాలు పుట్టడమే కారణమని వాళ్లు తేల్చారు. కొన్నిచోట్ల ఆ జోరు 2 కోట్ల ఏళ్లే సాగి ఉండొచ్చనీ లెక్కగట్టారు. మరో మూడేళ్లకే, 40 ఏళ్ల వయసులో టిన్‌స్లీ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆమె చూపిన దారి మాత్రం నిలిచింది.

హస్తలో సాక్ష్యం

పంచాంగంలో హస్త నక్షత్రంగా చెప్పే అయిదు చుక్కల దిక్కునే, సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో 'యాంటెనా' గెలాక్సీలు ఢీకొంటున్నాయి. పురుగు మీసాల్లాంటి రెండు పొడవాటి తోకలుండటంతో ఆ పేరొచ్చింది. నక్షత్రాల మధ్య దూరం చాలా ఎక్కువ కాబట్టి అవి ఒకదాన్నొకటి గుద్దుకోవు. తాకిడి తగిలేది వాయువులకే. అక్కడ వెయ్యికి పైగా కుర్ర నక్షత్రాల గుంపుల్ని హబుల్‌ టెలిస్కోపు 1997 నాటికే గుర్తించింది.

అయితే ఎరుపంతా ముసలితనం కాదు. ధూళి నీలికాంతిని అడ్డుకుని లోపలున్న పసి నక్షత్రాలనూ ఎర్రగా చూపిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా దాచేస్తుంది. యాంటెనా గెలాక్సీలు రెండూ ఒరుసుకునే చోట జరుగుతున్నదదే. 2004లో స్పిట్జర్‌ టెలిస్కోపు పరారుణ కాంతిలో ఆ పురిటిగదిని స్పష్టంగా చూపించింది. అందుకే ఇప్పుడు రెండు రకాల కాంతినీ కలిపి చూస్తారు.

మన వంతెప్పుడు?

మన పాలపుంత, ఆండ్రోమెడా మరో 400 కోట్ల ఏళ్లకు ఢీకొనడం ఖాయమని 2012లో లెక్కతేల్చారు. 2025 నాటి కొత్త లెక్క మాత్రం వెయ్యి కోట్ల ఏళ్లలో అలా జరిగే అవకాశం సగమే అంటోంది. ఒకవేళ జరిగితే... ఎక్కడో దూరాన టెలిస్కోపు పట్టుకున్న వాళ్లెవరైనా ఉంటే, వాళ్లకు ఆ కబురు చేరవేసేదీ ఈ రంగులే!