ప్రదర్శన తోట సందర్శన: పెరటికి తెచ్చుకోదగిన పాఠాలు

జంగారెడ్డిగూడెం మెట్ట గ్రామాల నుండి కడియపులంక నర్సరీలను, తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయ ఆవరణను చూడటానికి రైతులు, గృహిణులు, విద్యార్థులు వెళ్తుంటారు. సంక్రాంతి రోజుల్లో విరగబూసిన తోటను చూసి ముచ్చటపడి, వాహనం నిండా మొక్కలతో తిరిగి వస్తారు. వాటిలో అనేకం తొలి వేసవి దాటవు. అప్పుడు కొందరు నర్సరీవారిని నిందిస్తారు. మరికొందరు తమ చేతి చలవ ఇంతేనని ఊరుకుంటారు. కారణం సాధారణంగా ఈ రెండింటిలోనూ ఉండదు. మొక్కను చూసినవారు అది పెరుగుతున్న పరిస్థితిని చూడకపోవడమే అసలు లోపం. ఈ లోపాన్ని సరిదిద్దగలిగితే పెరటి తోటలపై పెట్టే శ్రమ, ధనం వృథా కావు.

ప్రదర్శన తోట స్వభావం

ప్రదర్శన తోట చూపరుల కోసం ఏర్పాటు చేసినది. బెంగళూరు లాల్‌బాగ్‌లో గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా జరిగే పుష్ప ప్రదర్శనలలో కనిపించే పూలు ఆ రోజులకు అందేలా ముందుగా కుండీలలో పెంచినవి. పైగా ఆ నగరం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల అక్కడి వేసవి మనకున్నంత తీవ్రంగా ఉండదు. అక్కడ చూసిన పెటూనియా, సాల్వియా మన మెట్టలో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మాత్రమే శోభిస్తాయి. వాటిని శీతకాలపు పూలుగా భావించి పెంచితే నిరాశ ఉండదు.

నర్సరీ మొక్క విషయమూ ఇటువంటిదే. నీడ వలల కింద తక్కువ వెలుతురులో పెరిగిన మొక్క ఆకులు పలుచగా, వెడల్పుగా ఉంటాయి. అటువంటి మొక్కను ఒక్కసారిగా ఎండలో నాటితే ఆకులు మాడిపోతాయి. తెచ్చిన మొక్కను మొదట చెట్టు నీడన ఉంచి, రెండు మూడు వారాల పాటు ఎండ తగిలే సమయాన్ని క్రమంగా పెంచాలి. జనవరిలో నాటిన మొక్కకు వేసవి తీవ్రమయ్యేలోగా వేళ్లు విస్తరించే వ్యవధి చాలదు. కనుక బహువార్షిక మొక్కలను తొలకరి వర్షాల తరువాత నాటడం శ్రేయస్కరం.

నేల చెప్పే లెక్క

జంగారెడ్డిగూడెం పరిసరాలు వర్జీనియా పొగాకుకు పేరుపొందిన తేలిక నేలల ప్రాంతం. ఇసుక గరప నేల ఒక మీటరు లోతున మొక్కకు అందించగల నీరు సుమారు 100 మిల్లీమీటర్లు. బరువైన బంకమట్టిలో ఇది 180 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు. మొక్క వేళ్లు 30 సెంటీమీటర్ల లోతు వరకు ఉన్నాయనుకుంటే, తేలిక నేలలో లభ్యమయ్యే నీరు 30 మిల్లీమీటర్లు. అందులో సగం ఖర్చు కాగానే తడి ఇవ్వాలి. మండు వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున నీరు ఖర్చయితే, రెండు మూడు రోజులకొక తడి తప్పనిసరి. బంకమట్టిలో అదే మొక్కకు నాలుగు రోజుల వ్యవధి దొరుకుతుంది. కొత్తగా నాటిన మొక్క వేళ్లు ఇంకా సంచి మట్టికే పరిమితమై ఉంటాయి కనుక దానికి ఈ వ్యవధి మరింత తక్కువ.

కొల్లేరు పరిసర గ్రామాలలో సమస్య ఇందుకు భిన్నమైనది. అక్కడి బరువు నేలలలో వర్షాకాలమంతా నీరు నిలిచి వేళ్లకు గాలి అందదు. కొన్నిచోట్ల ఉప్పదనమూ ఎక్కువ. అందుచేత మెట్టలో లోతైన పాదు, ఎండుటాకుల ఆచ్ఛాదన అవసరమైతే, కొల్లేటి ఒడ్డున ఎత్తు మడి, మురుగు కాలువ అవసరమవుతాయి. ఒకే తోటను చూసి వచ్చిన ఇద్దరు తమ ఇళ్లలో చేయవలసిన పనులు పరస్పరం విరుద్ధంగా ఉండవచ్చు.

అనుసరించదగిన అంశాలు

నేల మారినా వర్తించే సూత్రాలు కొన్ని ఉన్నాయి. మొదటిది అంతస్తుల అమరిక. గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో 8 మీటర్ల ఎడంలో ఉన్న చెట్ల మధ్య కోకో, కాండంపై మిరియం తీగ పెంచడం విద్యార్థులకు సుపరిచితమే. పెరట్లో రెండు కొబ్బరి చెట్లున్నా ఇదే సూత్రంతో కింద పసుపు, అల్లం, కంద వేసుకోవచ్చు. రెండవది, నీటి అవసరం సమానంగా ఉన్న మొక్కలను ఒకచోట చేర్చడం. వాడుక నీరు పారే చోట అరటి నాటిన మన పెద్దలు పాటించినది ఈ సూత్రమే. మూడవది, పది రకాలను ఒక్కొక్కటిగా నాటడం కంటే రెండు మూడు రకాలను గుంపులుగా నాటడం. దీనివల్ల అందమూ పెరుగుతుంది, యాజమాన్యమూ సులువవుతుంది.

మొక్కతో పాటు వచ్చే ముప్పు

మన దేశంలో 2016లో తొలిసారి గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితో పాటు ఆయిల్ పామ్, అరటి, జామ, అనేక అలంకరణ మొక్కలపై జీవిస్తుంది. పురుగు సోకిన మొక్కలను తరలించడం ద్వారా ఇది కొత్త ప్రాంతాలకు చేరుతుంది. ఆయిల్ పామ్, కొబ్బరి జీవనాధారమైన మెట్ట గ్రామానికి ఒక అలంకరణ మొక్క ఈ పురుగును మోసుకువస్తే జరిగే నష్టం ఆ పెరటితో ఆగదు. కొనేముందు ఆకు అడుగు భాగాన తెల్లని మైనపు వలయాలు, కింది ఆకులపై నల్లని మసి ఉన్నవేమో పరిశీలించాలి. తెచ్చిన మొక్కలను రెండు వారాల పాటు వేరుగా ఉంచి గమనించిన తరువాతే తోటలో నాటాలి.

విస్తరణ సిబ్బంది పాత్ర

సందర్శనకు ముందే ప్రతి ఒక్కరూ తమ పెరటి కొలతలు, ఉదయం సాయంత్రం ఎండ పడే దిశలు, నేల స్వభావం, వేసవిలో దొరికే నీటి పరిమాణం రాసుకునేలా చూడాలి. తోటలో నచ్చిన ప్రతి మొక్క వద్ద మూడు ప్రశ్నలు వేయించాలి: దీనికి ఎంత వెలుతురు అందుతోంది? ఎన్ని రోజులకు నీరు పెడుతున్నారు? ఈ మట్టిలో ఏమి కలిపారు? ఈ జవాబులు తమ పెరటి వివరాలతో సరిపోలితేనే ఆ మొక్కను కొనాలి. సరిపోలకపోతే ఆ స్థానంలో ఇమిడే స్థానిక మొక్కను ఎంచుకోవాలి. మొక్కలు తక్కువగా, రాసుకున్న పుటలు ఎక్కువగా తిరిగి వచ్చిన సందర్శనే సఫలమైనదిగా పరిగణించవచ్చు. ఆ సాఫల్యాన్ని అంచనా వేయవలసిన సమయం కొన్న రోజు కాదు, మరుసటి జూన్ మాసం.