పదిహేను వరుస ఓటములు, ఒక ముఖచిత్రం: అభిమానుల మనసులో ఏం జరుగుతుంది?

2013 సెప్టెంబర్ 22, ఆదివారం. అమెరికాలోని హ్యూస్టన్ నగర బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్, క్లీవ్‌లాండ్‌లో మ్యాచ్ ఆడింది. హ్యూస్టన్‌లో ఆ ప్రసారానికి నీల్సన్ సంస్థ ఇచ్చిన రేటింగ్ 0.0. అంటే, టీవీ చూసే అలవాట్లను కొలవడానికి ఆ నగరంలో ఎంచుకున్న 579 ఇళ్లలో ఒక్కటి కూడా ఆ మ్యాచ్ పెట్టలేదు. మర్నాటికి ఈ వార్త దేశమంతా పాకింది. సొంత ఊళ్లోనే ఎవరూ చూడని జట్టు అని కామెడీ షోలు మొదలు క్రీడా పేజీల దాకా అందరూ నవ్వుకున్నారు.

చిన్న లెక్క ఒకటి చూద్దాం. అప్పట్లో హ్యూస్టన్ పరిధిలో టీవీ ఉన్న ఇళ్లు 22 లక్షలకు పైనే. వాటిలో వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 2,200 ఇళ్లలో నిజంగానే మ్యాచ్ నడుస్తోందనుకుందాం. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 579 ఇళ్లలో ఒక్కటి కూడా ఆ జాబితాలోది కాకపోవడానికి సంభావ్యత దాదాపు 56 శాతం. అంటే వేలమంది చూస్తున్నా సున్నా రావడమే ఎక్కువ సహజం. పైగా ఆ ఛానెల్‌కూ కేబుల్ సంస్థలకూ మధ్య గొడవ వల్ల నగరంలో సగానికి పైగా ఇళ్లకు ప్రసారమే అందలేదు. అదే సమయానికి ఊళ్లోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు టెక్సన్స్ మ్యాచ్ కూడా ఉంది. ఇవేవీ శీర్షికల్లోకి ఎక్కలేదు. సున్నా ఎక్కింది.

అభిమానుల కోపం మాత్రం అబద్ధం కాదు. 2007లో దాదాపు 30 లక్షల మంది స్టేడియానికి వచ్చి చూసిన జట్టు అది. 2012 నాటికి ఆ సంఖ్య 16 లక్షలకు పడిపోయింది. 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఓటములు. 2013 సీజన్‌ను వరుసగా 15 ఓటములతో ముగించింది. మరి జట్టు యాజమాన్యం ఏమంటోంది? ఇదంతా ప్రణాళిక ప్రకారమే జరుగుతోందంటోంది!

ఓడితే లాభమా?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కొత్త ఆటగాళ్లను డ్రాఫ్ట్ పద్ధతిలో పంచుకుంటారు. అప్పటి నిబంధన ప్రకారం, ముందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకే మొదట ఎంచుకునే హక్కు. బలహీనులను పైకి తేవడానికి పెట్టిన ఈ నియమంలో ఒక మెలిక ఉంది: మధ్యస్థంగా ఆడి ఏటా పదిహేనో స్థానంలో ఉండటం కంటే, కొన్నేళ్లు అట్టడుగున ఉండి మంచి కుర్రాళ్లను పోగుచేసుకోవడమే లాభసాటి అవుతుంది. మన ఐపీఎల్‌లో ఈ చిక్కు లేదు. అక్కడ వేలం. అడుగున నిలిచినందుకు ఏ జట్టుకూ అదనపు సొమ్ము దక్కదు.

2011 డిసెంబర్‌లో ఆస్ట్రోస్ జనరల్ మేనేజర్‌గా వచ్చిన జెఫ్ లూనౌ ఈ లెక్కను చివరంటా నమ్మారు. గతంలో నాసాలో పనిచేసిన ఇంజినీర్ సిగ్ మెజ్డాల్‌ను ‘నిర్ణయ శాస్త్రాల’ విభాగానికి అధిపతిని చేశారు. పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. 2013లో జట్టు మొత్తం జీతాల బిల్లు సుమారు 2.5 కోట్ల డాలర్లకు దిగింది. అదే ఏడాది న్యూయార్క్ యాంకీస్‌లో అలెక్స్ రోడ్రిగ్జ్ ఒక్కరి జీతమే అంతకంటే ఎక్కువ.

ఇక్కడ అభిమానిని అడుగుతున్నది చిన్న విషయం కాదు. టికెట్ ధర ఇవాళ కట్టు, గెలుపు ఐదేళ్ల తర్వాత చూపిస్తాం అంటున్నారు. ఆ మాట నిజమో కాదో మధ్యలో తెలుసుకునే దారి ఏది?

రోజూ చూస్తే ఏమీ తెలియదు

సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. సరిగ్గా సగటు బలం ఉన్న జట్టు, నాణెం ఎగరేసినట్టు, సగం మ్యాచ్‌లు గెలవాలి. కానీ కేవలం అదృష్టం వల్లే ఆ 81 గెలుపులు అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊగిసలాట కొలత, అంటే ప్రామాణిక విచలనం, దాదాపు 6.4 గెలుపులు. అదే జట్టు 75 గెలిచినా, 87 గెలిచినా ఆశ్చర్యపడనక్కర్లేదు. పది మ్యాచ్‌ల ముక్క తీసుకుంటే మూడో అంతకంటే తక్కువో గెలిచే అవకాశం 17 శాతం. దాదాపు ఆరు సార్లకు ఒకసారి అన్నమాట. ‘పదిలో ఏడు ఓడారు, జట్టులో ఏదో జరుగుతోంది’ అని సాయంత్రం టీవీలో నలుగురు నిపుణులు గంటసేపు వాదించేది చాలాసార్లు ఈ నాణెం ఎగరేత గురించే.

మన దగ్గర ఇది ఇంకా తీవ్రం. 2023 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 14 మ్యాచ్‌లలో 4 గెలిచి చివరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ఫైనల్ ఆడింది. పది జట్లూ సరిసమానమైనా, ఒక జట్టు 14లో 4 లేదా అంతకు తక్కువ గెలిచే అవకాశం 9 శాతం. పది జట్లున్న లీగ్‌లో సగటున ఏటా దాదాపు ఒక జట్టుకు ఆ గతి పట్టాలి. సన్‌రైజర్స్ విషయంలో కెప్టెన్ మారాడు, ఓపెనర్లు మారారు, అవన్నీ నిజమే. అయినా కొంత వాటా నాణేనికి ఇవ్వక తప్పదు.

హ్యూస్టన్ 111 ఓటములను మాత్రం దురదృష్టం ఖాతాలో వేయలేం. అవి సగటుకు 4.7 ప్రామాణిక విచలనాల దూరంలో ఉన్నాయి. భౌతికశాస్త్రంలో 5 దాటితే కొత్త కణం కనుగొన్నామని ప్రకటిస్తారు! జట్టు నిజంగానే చెత్తగా ఉంది, అభిమానులు సరిగ్గానే చూశారు. వాళ్లకు కనిపించనిది, కనిపించే వీలు లేనిది, భవిష్యత్తు. చిన్న పట్టణాల లీగ్‌లలో ఆడుతున్న పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఎలా తయారవుతున్నారో సామాన్యుడు చూడలేడు. ఆ ఖాళీని నింపేది మీడియా.

‘మనం’ ఎప్పుడు ‘వాళ్లు’ అవుతాం?

ఓటమికి అభిమానులు ఎలా స్పందిస్తారో మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి గమనిస్తున్నారు. రాబర్ట్ చాల్డీని బృందం 1976లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో ప్రసిద్ధం. ఏడు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో, శనివారం తమ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే సోమవారం తరగతికి కాలేజీ పేరున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థుల సంఖ్య పెరిగింది. ఫోన్ చేసి మ్యాచ్ గురించి అడిగితే, గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మనం’ అనే మాట ఎక్కువగా వచ్చింది, ఓటమికి తగ్గింది. పదేళ్ల తర్వాత స్నైడర్ బృందం రెండో వైపు చూపింది: ఓడిన గుంపు నుంచి మనుషులు తమను తాము దూరం జరుపుకుంటారు. ఎవరూ మోసం చేయడం లేదు. ఆత్మగౌరవాన్ని కాపాడుకునే మామూలు తీరు అది.

కానీ అందరూ జరిగిపోరు. జట్టుతో గాఢంగా మమేకమైనవాళ్లు ఓటమిలోనూ ఉండిపోతారని డేనియల్ వాన్, నైలా బ్రాన్స్‌కోంబ్ 1990లో చూపారు. వీళ్లకు ఓటమి సొంత ఓటమే. 1992లో ఎడ్వర్డ్ హర్ట్ బృందం ఇండియానా విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ అభిమానుల మీద చేసిన ప్రయోగంలో, జట్టు ఓడిన మ్యాచ్ చూసినవాళ్లు తమ సొంత సామర్థ్యాన్ని కూడా తక్కువగా అంచనా వేసుకున్నారు.

మరో ముఖ్యమైన సంగతి, బాధ ఓటమిని బట్టి కాదు, ఆశించినదాన్ని బట్టి ఉంటుంది. దీనికి అత్యంత కలవరపరిచే రుజువు ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, గార్డన్ డాల్ 2011లో ప్రచురించారు. స్థానిక ఫుట్‌బాల్ జట్టు తేలిగ్గా గెలుస్తుందని అంచనాలుండి ఓడిన రోజుల్లో, భార్యలు, సహజీవన భాగస్వాముల మీద ఇంట్లో పురుషులు చేసే హింస పోలీసు రికార్డుల్లో 10 శాతం పెరిగింది. నువ్వానేనా అనుకున్న మ్యాచ్‌లో ఓడితే అలాంటి పెరుగుదల కనిపించలేదు. ‘ఆటే కదా’ అని కొట్టిపారేసేవాళ్లు ఈ అంకెను ఒకసారి చూడాలి.

‘పునర్నిర్మాణం’ అనే మాట శక్తి ఇక్కడే తెలుస్తుంది. అది జట్టును మార్చడానికి ముందే అంచనాను మార్చేస్తుంది. ఓడతామని ముందే చెప్పారు కాబట్టి 111వ ఓటమి కూడా మాట తప్పడం కాదు, మాట నిలబెట్టుకోవడం. అదే పనిని ‘కావాలని ఓడిపోవడం’ అంటే అభిమానికి అది వెన్నుపోటు. అంకెలు అవే.

2014 వేసవిలో ఈ రెండు మాటలూ హ్యూస్టన్ అభిమానుల ముందుకు నెల తేడాతో వచ్చాయి. మే నెలలో స్థానిక పత్రిక హ్యూస్టన్ క్రానికల్‌లో ఇవాన్ డ్రెలిక్, లూనౌ పద్ధతులు ఇతర జట్లకు, ఏజెంట్లకు, సొంత ఆటగాళ్లకు ఎలా రుచించడం లేదో రాశారు. మనుషులను అంకెలుగా చూస్తున్నారన్నది అందులోని ప్రధాన ఫిర్యాదు. జూన్ 30 సంచికతో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ వచ్చింది. ముఖచిత్రం మీద జార్జ్ స్ప్రింగర్, పక్కన ‘2017 ప్రపంచ సిరీస్ విజేతలు’ అన్న జోస్యం. లోపల బెన్ రైటర్ కథనం. ఇప్పుడు వీళ్లలో ఎవరిని నమ్మాలి?

నిజమైన జోస్యం

2017 నవంబర్ 1న ఆస్ట్రోస్ ఏడో మ్యాచ్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌ను ఓడించి కప్పు గెలిచింది. సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు, అదే స్ప్రింగర్. ఆ ఏడాది ఆగస్టులో హార్వీ తుపాను ముంచెత్తిన నగరం వీధుల్లోకి వచ్చి ఏడ్చింది, నవ్వింది. స్టేడియానికి ఆ సీజన్‌లో 24 లక్షల మంది వచ్చారు. ఆ ముఖచిత్రం చరిత్ర అయిపోయింది.

కానీ ఒక జోస్యం నిజమైతే పద్ధతి రుజువైనట్టేనా? లీగ్‌లో 30 జట్లు. ప్రతి ఏటా ఎన్నో పత్రికలు ఎన్నో జోస్యాలు చెబుతాయి. తప్పినవి ఎవరికీ గుర్తుండవు. 55 శాతం మ్యాచ్‌లు గెలవగల జట్టుకు కూడా ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 61 శాతమే. ఆ ప్రణాళికలోనూ అదృష్టం చాలానే ఉంది. 2012లో మొదటి ఎంపిక కార్లోస్ కొరెయా మేటి ఆటగాడయ్యాడు. 2013లో మొదటి ఎంపిక మార్క్ అపెల్ ఆస్ట్రోస్ తరఫున మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2014లో ఎంచుకున్న బ్రాడీ ఏకెన్‌తో ఒప్పందమే కుదరలేదు. పరిహారంగా మరుసటి ఏడాది వచ్చిన అవకాశంతో అలెక్స్ బ్రెగ్‌మన్ దొరికాడు. ఇక 2017లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడు హోసే ఆల్టూవే డ్రాఫ్ట్ ద్వారా వచ్చినవాడే కాదు. లూనౌ రాకకు నాలుగేళ్ల ముందే వెనెజువెలా నుంచి జట్టులో చేరాడు.

ఇదే పత్రిక ముఖచిత్రం గురించి ఇంకో నమ్మకం కూడా ఉంది: దాని మీద కనిపించినవాళ్లకు దురదృష్టం పడుతుందని. 2002లో ఆ పత్రికే తన 2,456 ముఖచిత్రాలను పరిశీలించి 913 సందర్భాల్లో అలా జరిగిందని తేల్చింది. శాపం ఏమీ లేదు. శిఖరాన ఉన్నప్పుడే ముఖచిత్రం మీదికి ఎక్కుతారు, అక్కడి నుంచి సగటు వైపు దిగడం సహజం. కొలతలతో పరిచయం ఉన్న ఎవరికైనా ఇది తెలిసిన సంగతే.

అదే దారిలో వెళ్లిన చికాగో వైట్ సాక్స్‌ను చూడండి. 2016 చివర తమ మేటి బౌలర్ క్రిస్ సేల్‌ను వదులుకుని పునర్నిర్మాణం మొదలుపెట్టింది. 2020, 2021లలో ప్లేఆఫ్స్‌కు చేరింది కానీ మొదటి దశ దాటలేదు. 2024లో 121 మ్యాచ్‌లు ఓడి ఆధునిక యుగంలోనే చెత్త రికార్డు నెలకొల్పింది. ఈలోగా, కావాలని ఓడటాన్ని ఆపేందుకు లీగ్ డ్రాఫ్ట్ మొదటి స్థానాలకు లాటరీ పెట్టింది. ఆ నిబంధనల వల్ల అన్ని ఓటముల తర్వాతా వైట్ సాక్స్‌కు దక్కింది పదో స్థానం. చికాగో అభిమానుల ఓపిక హ్యూస్టన్ వాళ్లకంటే తక్కువేం కాదు. వాళ్ల మీద మాత్రం ఎవరూ పుస్తకం రాయలేదు.

చెత్తడబ్బా చప్పుళ్లు

హ్యూస్టన్ కథ 2017తో ఆగలేదు. 2019 నవంబర్‌లో కెన్ రోసెంథాల్‌తో కలిసి ది అథ్లెటిక్‌లో ఒక పరిశోధనా కథనం ప్రచురించింది మరెవరో కాదు, 2014లో ఫిర్యాదుల గురించి రాసిన ఆ డ్రెలిక్. 2017లో ఆస్ట్రోస్ కెమెరాతో ప్రత్యర్థి క్యాచర్ సైగలను పట్టి, చెత్తడబ్బాను బాది తమ బ్యాటర్‌కు రాబోయే బంతి రకం తెలియజేసేదని అందులో బయటపడింది. 2020 జనవరిలో లీగ్ 50 లక్షల డాలర్ల జరిమానా వేసి, లూనౌను, మేనేజర్ ఏజే హించ్‌ను ఏడాది నిషేధించింది. జట్టు ఇద్దరినీ తొలగించింది. కప్పు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అభిమానులు మళ్లీ చీలిపోయారు. అందరూ చేసేదే అన్నవాళ్లు కొందరు, టోపీ తీసి పెట్టెలో పడేసినవాళ్లు కొందరు. ఒక ఆస్ట్రోస్ అభిమాని మాత్రం వేరే పని చేశాడు. 2017 సొంతగడ్డ మ్యాచ్‌ల వీడియోలు దింపుకుని, ప్రతి బంతికీ ముందున్న ధ్వనిని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే ఏ క్షణంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే చిత్రంగా మార్చాడు. డబ్బా మోత అందులో నిట్టనిలువు గీతలా కనిపిస్తుంది. 8,200కు పైగా బంతులు కూర్చుని పరిశీలిస్తే 1,100కు పైగా చోట్ల ఆ చప్పుడు దొరికింది. లెక్కంతా ఎవరైనా సరిచూసుకునేలా బహిరంగంగా పెట్టాడు.

ఆ పట్టికలో ఆటగాళ్లవారీగా కూడా అంకెలున్నాయి. ఆల్టూవే బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు చప్పుడు వినిపించింది 24 బంతులకే. అతను ఎదుర్కొన్నవాటిలో 3 శాతం కంటే తక్కువ, క్రమం తప్పక ఆడినవాళ్లలో దాదాపు అట్టడుగు. ఆ తర్వాత ఏళ్ల తరబడి దేశమంతటా స్టేడియాల్లో అందరికంటే ఎక్కువగా ఎగతాళి కేకలు వినపడింది మాత్రం అతనికే.