గ్రామసభ కూడా ఒక అమానతే

ఊరి వ్యవహారం ప్రస్తావనకు వస్తే "మనకెందుకులే, పెద్దలు చూసుకుంటారు" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. కుళాయిలో నీరు రాకపోతే గొణుక్కుంటాము. మురుగు కాలువ పొంగి మస్జిదు దారిలోకి వస్తే పైజామా అంచు ఎత్తిపట్టుకుని దాటిపోతాము. కాని గ్రామసభ జరుగుతుందని పంచాయతీ వారు చాటించిన రోజున, ఆ సభలో మనవారు ఎందరు కనిపిస్తారు? వేళ్లమీద లెక్కించవచ్చు. ఈ అలవాటు ధర్మరీత్యా సరైనదేనా అన్నది మనమంతా ఆలోచించవలసిన విషయం.

సంప్రదింపు: విశ్వాసుల లక్షణం

దివ్య ఖుర్‌ఆన్‌లోని 42వ సూరా పేరే ‘అష్షూరా’. సంప్రదింపు అని దాని అర్థం. ఉర్దూలో మనం వాడే ‘మష్వరా’ అనే మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చినదే. నమాజును నెలకొల్పటం, అల్లాహ్ ప్రసాదించిన దానిలో నుంచి ఖర్చుపెట్టటం అనే రెండు గుణాల నడుమ పరస్పర సంప్రదింపును ఆ సూరా విశ్వాసుల లక్షణంగా పేర్కొన్నది. నమాజు గురించి, జకాత్ గురించి ఎన్నో ప్రసంగాలు విన్న మనం, ఆ రెంటి మధ్యనున్న ఈ మూడవ గుణాన్ని మాత్రం అంతగా పట్టించుకోలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితం దీనికి ఆచరణ రూపం. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహద్ యుద్ధానికి ముందు మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది ఆయన (స) అభిప్రాయం. అయినా బయటికి వెళ్లి పోరాడుదామన్న సహచరుల మాటను మన్నించారు. హిజ్రీ 5వ సంవత్సరంలో పర్షియా దేశం నుంచి వచ్చిన సల్మాన్ (ర) ఇచ్చిన సలహాపై మదీనా వద్ద కందకం తవ్వించారు. దైవవాణి అందుకునే ప్రవక్తకే (స) సహచరులను సంప్రదించమని ఆదేశం ఉన్నప్పుడు, మనం ఊరి మష్వరాకు దూరంగా ఉండటం ఏమి సబబు?

దారిలో ఉన్న అడ్డంకిని తొలగించటాన్ని కూడా ఆయన (స) విశ్వాసపు శాఖల్లో ఒకటిగా లెక్కించారు. అలాంటప్పుడు వీధి దీపం గురించి, మంచినీటి ట్యాంకు గురించి సభలో లేచి అడగటం లోకవ్యవహారమని, దీనుతో సంబంధం లేనిదని ఎలా అనగలం?

చట్టం మన చేతికిచ్చినది

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. దాని ప్రకారం వచ్చినదే మన రాష్ట్ర 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరో మనలను చేర్చుకోనక్కరలేదు, ఎవరూ తీసివేయలేరు. ఏడాదికి కనీసం రెండుసార్లు సభ జరగాలి. పంచాయతీ జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, ఆ ఏడాది చేపట్టే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక అన్నీ ఆ సభ ముందుకు రావాలి.

మాటవరసకు ఒక సంగతి చూడండి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ముడిపెట్టింది. ఆ సొమ్ము మన వీధి కాలువకు వచ్చిందా, మరెక్కడికైనా వెళ్లిందా అని అడిగే చోటు గ్రామసభే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులపై తీర్మానాలు చేశారు. పిలుపు రాలేదని అనటానికి ఇక వీలులేదు.

చిల్లకూరు తీరం చెప్పే పాఠం

దశాబ్దాలపాటు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన మండలం చిల్లకూరు. జిల్లా పేరు మారినంత మాత్రాన ఇక్కడి సమస్యలు మారలేదు. ఒకవైపు సముద్రం, మరొకవైపు జాతీయ రహదారి. నడుమ చేపల వేట, వ్యవసాయం, రొయ్యల గుంటలు, సిలికా ఇసుక గనులు. తమ్మినపట్నం వద్ద బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. చిల్లకూరు, కోట మండలాల భూములలో తలపెట్టిన కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి కేంద్రం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు.

పరిశ్రమలు రావాలి. మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. అయితే నేల, నీరు, గాలి కూడా మనవే. పెద్ద పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన చెబుతున్నది. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరైనా సభలో మాట్లాడవచ్చు, రాతపూర్వకంగానూ ఇవ్వవచ్చు. చెప్పిన అభ్యంతరాలన్నీ స్థానిక భాషలో నమోదు కావాలి.

అయితే ఆ ప్రకటనలోనే మరొక నిబంధన ఉన్నది. సభ ప్రారంభించటానికి ఇంతమంది హాజరు కావాలన్న నియమమేమీ లేదు. అంటే, ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే లెక్క. మన మౌనం కూడా దస్త్రంలోకి ఎక్కుతుంది. రేపు బోరు నీరు ఉప్పబడిందని వాపోతే, "ఆనాడు ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు.

ఫర్జె కిఫాయా

ఫిఖహ్‌లో ఫర్జె కిఫాయా అనే ఒక సూత్రం ఉన్నది. జనాజా నమాజు వంటి విధిని ఊరిలో కొందరు నెరవేర్చితే అందరి బాధ్యత తీరుతుంది. ఎవరూ చేయకపోతే అందరూ దోషులే. మహల్లా తరఫున గ్రామసభకు వెళ్లటాన్ని కూడా ఈ కొలబద్దతో చూడాలని మా మనవి.

"వెళితే పార్టీ ముద్ర వేస్తారు" అని కొందరు వెనుకాడుతారు. జెండా పట్టుకుని వెళ్లనక్కరలేదు, ఒక కాగితం పట్టుకుని వెళ్లండి. కోరిక రాసి ఇచ్చి, మినిట్స్ పుస్తకంలో ఎక్కించమని మర్యాదగా అడగండి. లెక్కలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

మరొక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. ఖబరస్తాన్ ప్రహరీ, ఈద్గా స్థలం అన్నప్పుడే మనం కదులుతున్నాము. పక్కనున్న యానాది కాలనీకి నీరు రాకపోతే ఎవరు అడగాలి? పొరుగువాడు ఏ మతస్థుడైనా అతని హక్కు మనపై ఉన్నది. హజ్రత్ ఉస్మాన్ (ర) రూమా బావిని కొని ప్రజలకు వక్ఫ్ చేసినది దాహం తీర్చటానికే. మన నోటి నుంచి పొరుగువారి కష్టం వినిపించిన రోజున మన కష్టానికీ తోడు దొరుకుతుంది.

స్త్రీల సంగతి మరీ ముఖ్యం. బిందె మోసేది వారు, సభకు వెళ్లేది పురుషులు. 2011 నుంచి రాష్ట్ర పంచాయతీలలో సగం స్థానాలు మహిళలవే. కనుక ఖాలాలు, ఫుప్పూలు, ఇంటి కోడళ్లు నలుగురైదుగురు కలిసి పరదా మర్యాదతోనే సభకు వెళ్లవచ్చు. నీటి బాధను వారికన్నా బాగా చెప్పగలవారు ఎవరు?

ఇకమీదట గ్రామసభ తేదీని జుమా నాడు మస్జిదులో ప్రకటించే ఏర్పాటు చేసుకుందాం. ప్రతి మహల్లా నుంచి కనీసం నలుగురు వెళ్లాలి. వెళ్లినవారు మరుసటి జుమాకు ఏమి అడిగారో, ఏమి జవాబు వచ్చిందో అందరికీ తెలపాలి. ఓటు వేయటంతో మన పని అయిపోదు. ఓటు అమానత్ అయితే, ఆ అమానత్ లెక్క అడగటం కూడా మన బాధ్యతే. ఊరి మేలు కోరే మనసును, న్యాయంగా మాట్లాడే నాలుకను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.