మరలో నీళ్లు ఎవరు పోశారు?

పిల్లలూ! పూర్వం బట్టలు ఉతకాలంటే ఏటి ఒడ్డుకో, చాకిరేవుకో పోవలసి ఉండేది. ఇప్పుడు మీలో చాలామంది ఇళ్లలో బట్టలు ఉతికే మర, అంటే వాషింగ్ మెషీను ఉన్నది. తిరుపతిలో మా ఇంట్లోనూ ఒకటి ఉన్నది. ఒకసారి అది మమ్మల్ని పెద్ద చిక్కులో పెట్టింది.

తెల్లవారి మూత తీసి చూస్తే తొట్టి అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు! ముందునాడు మధ్యాహ్నం తర్వాత దాన్ని ఎవరూ తాకలేదు. పనికి వచ్చే ఆమె నీళ్లు పోకముందే మర ఆపేసిందని మా కోడలు కోప్పడింది.

"నీళ్లన్నీ పోయినాకే గదమ్మా మూత వేసినాను!" అని ఆమె కంటతడి పెట్టుకున్నది. మరునాడూ అదే కథ. వేరే మనిషిని చూసుకుందామన్న మాట కూడా వచ్చింది.

"తప్పు ఎవరిదో తేలకముందే శిక్ష వేయరాదు. మూడు రాత్రులు గడువివ్వండి," అన్నాను. నా మనవరాలు నోటుపుస్తకం పట్టుకుని సిద్ధమైంది.

మరలోకి నీరు రావడానికి రెండే దారులున్నవి. కొళాయి నుంచి వచ్చే గొట్టం ఒకటి, వాడిన నీరు బయటికి పోయే గొట్టం రెండవది. మురుగుకాలువ నిండితే ఆ నీరు వెనక్కు తన్నవచ్చు. అలా వస్తే మురికీ, వాసనా ఉంటాయి. మా తొట్టిలోని నీరు తేటగా ఉన్నది.

మొదటి రాత్రి తొట్టిని గుడ్డతో పొడిగా తుడిచి, కొళాయి కట్టేశాము. తెల్లవారి చుక్క నీరు లేదు. అంటే నీరు వస్తున్నది కొళాయి వైపు నుంచే!

"తాతా, మరే పొరపాటున నీళ్లు పట్టుకుంటున్నదేమో?" అన్నది మనవరాలు. మంచి ప్రశ్న. రెండవ రాత్రి కొళాయి తెరిచి ఉంచి, కరెంటు ప్లగ్గు ఊడబెరికాము. తెల్లవారి మళ్లీ నీళ్లు! కరెంటు లేని మర నీళ్లు అడగలేదు గదా? కనుక దోషం నీటిని ఆపే తలుపుదే. దానిని వాల్వు అంటారు.

ఆ తలుపు చిత్రమైనది. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఒక స్ప్రింగూ, కొళాయి నుంచి వచ్చే నీటి ఒత్తిడీ కలిసి ఆ పొరను అదిమిపెట్టి దారి మూస్తాయి. కరెంటు రాగానే తీగచుట్ట అయస్కాంతమై లోపలి ఇనుపకడ్డీని పైకి లాగుతుంది. అప్పుడు పొర లేచి నీరు పారుతుంది. పొర కింద చిన్న ఇసుకరేణువు ఇరుక్కున్నా తలుపు పూర్తిగా పడదు.

మా తిరుపతికి కల్యాణి డ్యాము నుంచీ, తెలుగుగంగ నుంచీ నీరు వస్తుంది. అది చాలని ఇళ్లలో బోరునీళ్లు వాడుతారు. బోరునీళ్లలో తరచు కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టేది వాటివల్లనే. మెకానిక్కు వచ్చి మా వాల్వు విప్పితే ఆ తెల్లని పెళుసు పొరే కనిపించింది. అతడు కొత్త వాల్వు వేసి, గొట్టం మొదట ఉన్న జల్లెడను కడిగాడు. మూడవ రాత్రి కొళాయి తెరిచే ఉంచాము. తొట్టి పొడిగా ఉన్నది!

ఒక లెక్క చూడండి. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే అది నాలుగు లీటర్ల పైమాట. నెలకు దాదాపు 130 లీటర్లు! వేసవిలో ట్యాంకరు కోసం బిందెలతో నిలబడే మన సీమలో అది చిన్న నష్టమా?

ఆనాడు మా కోడలు పనికి వచ్చిన ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "అక్కా, తప్పు నాది," అన్నది. నాకు అన్నిటికంటె సంతోషం కలిగించింది ఆ మాటే.

మీ ఇంట్లోనూ ఇలా జరిగితే పెద్దలకు చెప్పి, ముందు ప్లగ్గు తీయించండి. మర విప్పే పని మాత్రం మెకానిక్కుకే వదలండి. ఒకరిపై నింద వేసేముందు ఒక రాత్రి కొళాయి కట్టి చూడండి!